కారు దీపాల కోసం మాదాపూర్ దాకా

మేము హైదరాబాదు పోయి వచ్చామని తెలిసి మా వీధి ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. చార్మినారు చూశారా, గాజులు కొన్నారా, బిర్యానీ తిన్నారా అని అడిగారు. అవేవీ నేను చూడలేదు, తినలేదు. మేమున్న ఆ కాస్తసేపూ ఊరికి ఆ కొసన, అద్దాల ఆఫీసుల నడుమ ఉన్నాం. అక్కడ కూడా ఎక్కువసేపు చూసింది ఒక సిమెంటు గోడను. అయినా ఇంత మేలు చేసిన ప్రయాణం నా బతుకులో ఇంకొకటి లేదు. పోనివాళ్ల కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మా పనిలాంటి పని మీద మాత్రం ఎవరికీ పోవలసిన అవసరం రాకూడదని స్వామిని వేడుకుంటున్నాను.

బయలుదేరక ముందు

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. మా ఆయనకు మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్లయింది. మంగళ, గురు, శనివారాల్లో నంద్యాల పోయి డయాలసిస్ చేయించుకోవాలి. మాకు దొరికింది పొద్దున ఆరు గంటల వంతు. ఆ వేళకు అందుకునే బస్సు మా ఊరికి లేదు కాబట్టి నాలుగున్నరకే కారులో కదలాలి. సూదులు తీశాక ఆయనకు నిలబడే ఓపిక కూడా ఉండదు. అందుకని శనగ కోసిన మా చేలోనే నాకు కారు నడపడం నేర్పించారు. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. అక్షరాలు మా నాయన ఇంట్లో దిద్దించాడు, స్టీరింగు ఈయన చేలో దిద్దించారు. నా చదువంతా ఈ ఇద్దరు గురువుల పుణ్యమే. ఈయన మా అమ్మకు దూరపు తమ్ముడు. పెళ్లయిన ఇన్నేళ్లకూ మామా అనే పిలుస్తాను.

మా కారు పదమూడేళ్ల పాతది. ఏడాదిగా దాని ముందు దీపాలు మసకబారుతూ వచ్చాయి. కార్తీకం మొదలైన వారంలో ఒక మంగళవారం తెల్లవారుజామున, శిరివెళ్ల దాటాక, మంచులో పాలక్యాన్ల సైకిలు నాకు కనబడనే లేదు. ఆయన అరిస్తే బ్రేకు తొక్కాను. బంపరు వెళ్లి సైకిలు వెనక చక్రానికి తగిలింది. పాలు రోడ్డంతా పారాయి. నృసింహస్వామి దయవల్ల సైకిలు తొక్కుతున్న పెద్దాయనకు గాయం కాలేదు. కానీ రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. మా ఆయన దిగి ఆ పెద్దాయన పక్కనే కూర్చున్నారు. తిరిగి కారెక్కాక ఒకే మాట అన్నారు.

"ఇంగ నేను రాను మే. నన్ను బతికిచ్చేదానికి ఇంగొగర్ని సంపుతామా?"

అన్నట్టే గురువారం రాలేదు. శనివారానికి కాళ్లు బిందెల్లా ఉబ్బాయి, పడుకుంటే ఊపిరి ఆడలేదు. పొద్దెక్కాక తీసుకుపోతే, ఎవరో రాని మంచం ఒకటి దొరికి ఆ పూట గడిచింది. పగటి వంతులు ఖాళీ లేవని, ఇంకోసారి మానితే మనిషి దక్కడని డాక్టరు గారు చెప్పారు. ఇంటికి వచ్చాక ఎంత బతిమాలినా ఆయన మాట ఒకటే: "దీపాలు బాగయితే మంగళవారం ఎక్కుతా. కాకపోతే ఎక్కను."

మా చుట్టుపక్కల మెకానిక్కులు ఈ పాత కారుకు కొత్త దీపాలు రావన్నారు. పుప్పాలగూడలో ఉంటున్న మా చెల్లెలు సరళకు ఫోను చేశాను. "ఈడ దొరకని బల్బే లేదక్కా. ఆదివారం రాండి, సోమవారం పోండి" అంది. ఆదివారం, సోమవారం. మాకున్నది ఆ రెండు రోజులే.

ఆదివారం, దారిలో

వెలుతురు వచ్చాకే బయలుదేరాం. తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి కాబట్టి, ఆయనకు రోజంతటికీ తాగదగ్గ నీళ్లు ఒక చిన్న సీసాలో పోసి ఇచ్చాను. ఎండలో అంత దూరం, గుక్కెడు గుక్కెడు లెక్క. కర్నూలు దాటాక ఒక హోటలు దగ్గర ఆగాం. సర్వరు అడగకుండానే రెండు పెద్ద గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టాడు. మామూలు మనుషులకు అది మర్యాద. ఆయన ఆ గ్లాసునే చూస్తూ కూర్చుంటే నేను చప్పున రెండూ తాగేశాను. తర్వాత గంటసేపు నేను పడిన అవస్థ చెప్పుకోదగ్గది కాదు. ఆ ప్రయాణం మొత్తంలో ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

గచ్చిబౌలి

ఔటర్ రింగు రోడ్డు దిగగానే ఆకాశాన్ని పలకలుగా కోసి నిలబెట్టినట్టు అద్దాల మేడలు. సెలవు రోజయినా రోడ్డు నిండా జనం. మెడల్లో ఆఫీసు కార్డులు వేలాడుతున్నాయి. సిగ్నలు దగ్గర ఒక అబ్బాయి చెప్పులు లేకుండా, నల్లబట్టల్లో, మెడలో తులసిమాలతో నిలబడి ఉన్నాడు. ఆ మాల మీదే ఆఫీసు కార్డు కూడా వేలాడుతోంది. మా ఊళ్లో మాల వేసుకుంటే పొలం పని కూడా సగం మానేస్తారు.

"స్వామీ, ఆదివారం గూడా డ్యూటీనా?" అని అద్దం దించి అడిగాను.

"షిఫ్టు స్వామీ. పూజ అయ్యాక లాగిన్ అవ్వాలి" అన్నాడు. నన్ను కూడా స్వామి అన్నాడు. పచ్చలైటు పడేలోపు చేతులు జోడించాను.

సరళ చెప్పిన దుకాణం బట్టల షోరూములా చల్లగా ఉంది. గోడల నిండా బల్బులే. అమ్మే ఆయనది కోస్తా మాట. "ఇది పెట్టించుకోండి మేడమ్, రాత్రి పగలైపోద్దండి. పాత బల్బు అసలు ఇంట్లో కూడా ఉంచుకోకండి" అన్నాడు. జత నాలుగు వేల ఎనిమిది వందలు. బేరం లేదు. అరగంటలో బిగించి, కింద చీకటి పార్కింగులో వెలిగించి చూపించారు. గోడ సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నేను అక్కడే కళ్లు మూసుకొని దణ్ణం పెట్టుకున్నాను. ఆయన మాత్రం, "మంగళారం సూద్దాంలే" అన్నారు.

పుప్పాలగూడ పోయే దారి

బయటికి వచ్చేసరికి సందె చీకటి పడింది. పెద్ద రోడ్డు మీద వీధిదీపాలున్నంతసేపు ఏమీ తెలియలేదు. అపార్టుమెంట్ల వెనక సందులోకి తిరిగాక తెలిసింది. వెలుగు రోడ్డు మీద పడటం లేదు. కారు ముందు తెల్లటి పొగలా లేచి నిలబడింది. నాకు రోడ్డుకన్నా వెలుగే ఎక్కువ కనబడుతోంది. ఎదురొచ్చే బళ్లన్నీ లైట్లు కొట్టి కొట్టి తిట్టిపోతున్నాయి. ఇంతలో ఎదురుగా వస్తున్న స్కూటీ ఒకటి అడ్డదిడ్డంగా ఊగి, ఇసుక కుప్పలోకి పోయి పడింది.

ఇంజను ఆపి పరుగెత్తాను. ఇళ్లకు భోజనాలు చేర్చే అమ్మాయి. వీపున పెద్ద సంచి. తనే లేచి ఇసుక దులుపుకుంటోంది.

"ఏందక్కా గా లైట్లు! సూర్యున్ని గిట్ల ముందల కట్టుకొని వస్తున్నవా? కండ్లు పోయినయ్ నాకు!"

"దెబ్బ తగిలిందా తల్లీ?"

"నాకేం కాలే. సాంబార్ ఒలికిందేమో సూడు జర." సంచి విప్పి చూసి, ఒలకలేదని ఊపిరి పీల్చుకుంది. మా ఆయన కారు దిగి తలుపు పట్టుకొని నిలబడటం చూసి గొంతు తగ్గించింది. "తాతకు మంచిగలేదా?"

ఆయనకు యాభై రెండే. నేను దిద్దలేదు. సంగతి నాలుగు మాటల్లో చెప్పాను. ఆ అమ్మాయి మా దీపాల దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"బల్బు గాదక్కా, వేరే ఏదో ఉంది. మాదాపూర్ల హాస్టళ్ల సందుల మల్లన్న ఉంటడు. నా బండి లైటు ఆయననే సక్కజేసిండు. పొద్దున ఎనిమిదింటికల్ల పో, తొమ్మిది దాటితే లైను కడతరు. ఇగ నేను పోవాలె, ఆర్డర్ లేటయితే పైసలు కోస్తరు."

పేరు అడిగేలోపే వెళ్లిపోయింది. పడేసిన మమ్మల్ని తిట్టి, దారి కూడా చూపించిపోయింది. ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పదకొండో అంతస్తు

సరళ వాళ్ల గేటు దగ్గర మా పేర్లు, ఫోను నంబర్లు, ఎవరింటికి, ఎన్నాళ్లు, అన్నీ రాసుకున్నారు. పైకి ఫోను చేసి సరేనన్నాకే వదిలారు. మా ఊళ్లో తలుపు తట్టడమే కొత్త. కార్తీక దీపం గడప ముందు పెట్టబోతే, "బయట పెట్టాకక్కా, పొగకు గంట మోగుతాది" అని సరళ లోపలికి తెచ్చింది. జొన్నరొట్టెలు ఉప్పు లేకుండా, పప్పు పలచగా చేసి పెట్టింది. ఇక్కడ జొన్నరొట్టె ఒక్కోటి నలభై రూపాయలట. ఆరోగ్యానికి మంచిదని కొంటారట. మాకు అది రోజూ తినే కూడు.

ఆయన ముద్ద ముట్టలేదు. "సూస్తివా? మొన్న ముసలాయన, ఇయ్యాల ఆడపిల్ల. రేపు కారు ఈడనే అమ్మేసి బస్సుకు పోదాం."

"అమ్మేస్తే మంగళవారం ఎట్ల మామా?" అంది సరళ.

ఆయన కంచం పక్కకు జరిపారు. దాని జవాబు మా ముగ్గురికీ తెలుసు. నేను చేయి పట్టుకొని, "రేపు ఆ మల్లన్న దగ్గరికి ఒక్కసారి పోదాం. ఆయన గూడా కాదంటే నీ ఇష్టం" అన్నాను. ఆ మాట అనేశాక నిద్ర పట్టలేదు. నా చేతిలో ఇక ఏమీ మిగల్లేదు కదా.

సోమవారం, మాదాపూర్

హాస్టళ్ల సందులో పొద్దున్నే తడి ఆరని జడలతో ఆడపిల్లలు బండ్ల దగ్గర నిలబడి ఇడ్లీ తింటున్నారు. ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో ఫోను. నాలుగు ఇడ్లీలు నలభై. చట్నీ అడిగినంత పోస్తారు. అవతల ఆకాశంలో మెట్రో రైలు పోతోంది. ఆ సందు చివర రేకుల షెడ్డులో మల్లన్న ఉన్నాడు. నెరిసిన మీసాలు, మెడలో తువ్వాలు. మాటకు ముందు మనిషిని ఒకసారి నిదానంగా చూస్తాడు.

మేము చెప్పిందంతా విని బల్బు జోలికే పోలేదు. దీపం మీది అద్దాన్ని తడిపి, బొటనవేలి గోటితో మెల్లగా రాసి చూశాడు. నిజానికి అది అద్దం కాదట, గట్టి ప్లాస్టిక్కట.

"ఎండకు పోయింది గాదిది. ఎండకు పోతే పచ్చగైతది. ఇది రుద్దిన గీత. సూడు, గుండ్రంగ గుండ్రంగ ఎన్ని గీతలున్నయో. ఏంతోని తోమిండ్రమ్మా?"

నేను ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను.

ప్రతి శుక్రవారం దేవుడి దీపపు కుందులు చింతపండు, ఇటుకపొడి వేసి తోముతాను. మా ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచీ అంతే. ఆయనను తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకుపోవడం మొదలయ్యాక, దారి చూపించేవి ఇవి కూడా దీపాలే కదా అనుకొని, మిగిలిన ఆ పొడితోనే కారు దీపాలు కూడా తోమి, కడిగి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. రెండేళ్లు. ఒక్క శుక్రవారం తప్పలేదు. మసకబారుతున్నాయని తెలిశాక ఇంకా గట్టిగా తోమాను.

ఇదంతా మల్లన్నకు చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"టూత్‌పేస్టు రాసినోళ్లు వస్తరు, సర్ఫుతోని గుంజినోళ్లు వస్తరు. ఇటుకపొడి మాత్రం మీరే. ఇత్తడి తోమితే తళతళ అంటది తల్లీ, ఇది తోమితే గుడ్డిదైతది. గుడ్డిదాని ఎనుక ఎంత పెద్ద బల్బు పెట్టినా రోడ్డు మీదికి రాదు. చెదిరిపోయి ఎదురొచ్చెటోని కండ్లల్ల పడతది."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. ఆ పెద్దాయన రోడ్డు మీద కూర్చున్న తీరు కళ్లముందు నిలిచింది. కాపాడావు స్వామీ అని ఇన్నాళ్లూ మొక్కుకున్నానే గాని, ఆయన్ను అక్కడ పడేసింది నా చేయేనని తెలియలేదు. మా ఆయన దూరంగా నడిచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. చాలాసేపటికి వచ్చారు.

"నాకు తెల్సుంటే సెప్పనా మే" అన్నారు.

"నీకు దాసిపెట్టి తోమలేదు మామా. నువ్వు అరుగు మీద కూసోని సూస్తానే ఉంటివి."

"సూస్తిని." కారు దీపం మీద చెయ్యి పెట్టారు. "బాగుంది అనుకుంటిని. నా కోసరం సేస్తాండాది అనుకుంటిని. నువ్వొక్కదానివే కాదులే, నేను గూడా తోమినట్టే."

ఆ మాటకు నేను ఏడ్చాను. మల్లన్న అటు తిరిగి బకెట్టులో నీళ్లు పట్టుకున్నాడు.

గోడ

నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితాలు ఒకదానికన్నా ఒకటి నున్ననివి. గరుకుతో మొదలుపెట్టి నునుపు దాకా, తడి ఆరనివ్వకుండా రుద్దాడు. పాల లాంటి నీళ్లు కారాయి. ఆ తర్వాత మెత్తటి గుండ్రటి బిళ్లతో మెరుగు పెట్టి, పైన నీళ్లలాంటి పూత కొట్టాడు. పూత లేకపోతే ఆరు నెలలకే మళ్లీ పాడవుతుందట. అది ఆరేదాకా మమ్మల్ని నీడలో కూర్చోబెట్టాడు. తెల్ల బల్బులు పీకేసి, కారుతో వచ్చిన రకమే కొత్తవి, గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకొని పెట్టాడు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. షెడ్డు ముందర టార్పాలిన్ పట్టా దించి చీకటి చేశాడు. ఎదురుగా సిమెంటు గోడ మీద సుద్దతో గీసిన గీతలున్నాయి.

"రోజు ఎవలు యాడ కూసుంటరో గట్లనే కూసోండ్రి. బండి ఎనుక బరువుంటే లైటు పైకి లేస్తది. ఖాళీ బండికి లైటు కడితే అది అబద్ధం లైటు."

నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను. ఆయన కదల్లేదు. దీపాలు బాగయితేనే మంగళవారం ఎక్కుతానన్నది మా ఆయన, మనిషి ఎక్కితేనే గాని దీపాలు బాగవవంటున్నది మల్లన్న. మల్లన్న తలుపు తీసి పట్టుకొని నిలబడ్డాడు. చివరికి ఆయన వచ్చి వెనక సీట్లో కూర్చున్నారు.

"పోయేటప్పుడు ఒంట్లో నీళ్లు సేరి మూడు కేజీలు ఎక్కువుంటాను. వచ్చేటప్పుడు ఉండను. దేనికి కడతావన్నా?" అని అడిగారు.

"వచ్చేటప్పటికి తెల్లారుతది గద. పోయేటప్పటి బరువుకే కడత." మల్లన్న దీపం వెనకున్న మరను మెల్లగా తిప్పుతుంటే గోడ మీద పసుపు వెలుగు గీత దాకా దిగి ఆగింది. కుడివైపు కిందికి, ఎడమవైపు కొంచెం పైకి. ఎదురొచ్చేవాడి కంట్లో పడకుండా, మన పక్క నడిచేవాడు కనబడేలాగ.

పన్నెండు వందలు తీసుకున్నాడు. ఎక్కువ ఇవ్వబోతే వద్దన్నాడు. "గా తెల్ల బల్బులు ఇంకో పాత బండికి ఇయ్యకుండ్రి, గదొక్కటి సాలు." తిరిగిపోతూ సరళ ఇంటి దగ్గర ఆగితే, తను వాటిని దుకాణంలో వాపసు ఇస్తానని తీసుకుంది.

శిరివెళ్ల

మధ్యాహ్నం బయలుదేరితే నంద్యాల చేరేసరికి చీకటి పడింది. దీపాలు వేశాను. తెల్లగా కాదు, లేత పసుపుగా, రోడ్డు మీద వెలుగు చాప పరిచినట్టు పడింది. రోడ్డు అంచు గీత, తుమ్మచెట్లు, పక్కన పోతున్న కుక్క, అన్నీ వాటి వాటి చోట్లలో కనబడ్డాయి. ఆయన ముందుకు వంగి రోడ్డునే చూస్తూ కూర్చున్నారు.

శిరివెళ్లలో ఆ పాలాయన ఇల్లు కనుక్కొని ఆగాను. పేరు పుల్లయ్య. తప్పు నాదేనని, ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టి విన్నాడు.

"దేవుని దీపమని తోమితివా?" అన్నాడు. "నా సైకిలికి గూడా ఎనక మెరిసే ఎర్రబిళ్ల లేకపాయ తల్లీ. మనమడు తెచ్చిచ్చి నెలాయ, నేనే బిగిచ్చుకోలే." నన్ను దోషిగా ఒంటరిగా నిలబెట్టకుండా తనూ వచ్చి పక్కన నిలబడ్డాడు. పాలు పోసి తాగమని పట్టుబట్టాడు. మా ఆయన వంతు కూడా నేనే తాగాను.

మంగళవారం

నాలుగింటికి లేపాను. ఒక్క క్షణం కళ్లు తెరిచి కప్పువైపు చూశారు. తర్వాత లేచి, దుప్పటి భుజాన వేసుకొని కారెక్కారు. మంచు మొన్నటిలాగే ఉంది. నేను స్వామి నామం చెప్పుకుంటూ నడిపాను. దారిలో ఇద్దరు కూలి మనుషులు, ఒక ఎద్దుల బండి. అందరినీ ముందే చూశాను, నెమ్మదిగా దాటాను. ఆరింటికి పది నిమిషాలు ఉండగానే నంద్యాల చేరాం.

సూదులు గుచ్చి డయాలసిస్ మర నడిపించాక, నర్సమ్మ పుస్తకం పట్టుకొని మంచం దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, పోయిన గురువారం రాకపోతిరి. ఈ వంతు కోసం ఇంకొకరు తిరుగుతాన్నారు. మీరు సరిగా రాలేమంటే వాళ్లకు రాసిస్తా. ఏం రాయమంటారు?"

ఈ మాట ఆయనే చెప్పాలి. ఆయన రక్తం నడుస్తున్న గొట్టాలను చూసి, ఆమె వైపు తల తిప్పారు.

"ఎవురికీ ఇయ్యొద్దమ్మా. నా పేరే రాసుకో. గురువారం ఆరింటికి ఈడుంటా."